కొడవటిగంటి కుటుంబరావు

కొడవటిగంటి కుటుంబరావు (అక్టోబరు 28, 1909 - ఆగష్టు 17, 1980) ప్రసిద్ధ తెలుగు రచయిత, హేతువాది, పత్రికా సంపాదకుడు. సాహిత్య లోకంలో కొ.కు.గా సుపరిచితుడు. కథ, నవల, గల్పిక, నాటిక, వ్యాసం మొదలైన అనేక ప్రక్రియలలో దాదాపు యాభై సంవత్సరాల పాటు రచనలు చేసాడు. తెలుగు మధ్యతరగతి కుటుంబాల జీవితాన్ని, అందులోని డాంబికాలను, భయాలను నిశితంగా చిత్రించిన రచయితగా పేరు పొందాడు. 1952 నుండి మరణించే వరకు 28 సంవత్సరాలు చందమామ మాసపత్రిక సంపాదక బాధ్యతలు నిర్వహించాడు. దయ్యాలను, మంత్రతంత్రాలను ఏమాత్రం నమ్మని ఈయన చేతుల మీదుగానే బేతాళ కథలు, మాంత్రికుల కథలు, రాక్షసుల కథలు మూడు తరాల తెలుగు పిల్లలకు చేరాయి. కానీ పత్రికపై సంపాదకునిగా ఈయన పేరు ఉండేది కాదు.

బాల్యం, విద్య

కుటుంబరావు గుంటూరు జిల్లా తెనాలిలో ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయాడు. బాల్యంలో కొంతకాలం పల్లెటూరిలో గడిచింది. అక్కడి మనుషులు, కట్టుబాట్లు, కుటుంబ తగాదాలు తరువాతి కాలంలో ఈయన రచనలకు ముడిసరుకు అయ్యాయి. అన్న వెంకటసుబ్బయ్య సాహిత్యాభిమాని. అన్న ద్వారానే కుటుంబరావుకు పాశ్చాత్య సాహిత్యంతో పరిచయం కలిగింది. చిన్న వయసులోనే పద్యాలు అల్లడానికి, అపరాధ పరిశోధక నవల వంటిది వ్రాయడానికి ప్రయత్నించాడు.

1925లో తెనాలిలో పాఠశాల విద్య ముగిసింది. అప్పటి ఆచారం ప్రకారం చదువు పూర్తి కాకముందే, పదిహేనేళ్ళ వయసులో, పద్మావతితో వివాహం జరిగింది. 1925 నుండి 1927 వరకు గుంటూరు ఏ.సి. కళాశాలలో ఇంటర్మీడియట్, 1927 నుండి 1929 వరకు విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా బి.ఏ. చదివాడు. విజయనగరంలో చదువు ముగిసే నాటికి నాస్తికుడయ్యాడు. 1929లో ఎం.ఎస్సీ. కొరకు బెనారసు హిందూ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పుడే మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యం కారణంగా చదువు కొనసాగించలేక 1930లో తెనాలికి తిరిగి వచ్చాడు.

భౌతికశాస్త్ర విద్య మధ్యలో ఆగిపోయినా శాస్త్రీయ దృష్టి ఈయనను విడిచిపెట్టలేదు. ప్రతి సంఘటనకు కారణం వెదకడం, కారణం లేని నమ్మకాన్ని ప్రశ్నించడం ఈయన కథలలోను, వ్యాసాలలోను కనిపించే ప్రధాన లక్షణం.

తెనాలి, యువ పత్రిక

ఇంటర్మీడియట్ రోజులలోనే కుటుంబరావుకు చక్రపాణి (అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు, 1908-1975) పరిచయమయ్యాడు. ఈ స్నేహం ఇద్దరి జీవితాలలోను కీలకమైనది. తెనాలిలో యువ ప్రెస్సు ఏర్పడింది. 1934-35 ప్రాంతంలో చక్రపాణితో కలిసి యువ పత్రికను వెలువరించారు. పెద్ద పెట్టుబడి లేని మిత్రులు, చిన్న ముద్రణాలయం, పరిమితమైన చందాదారులు - ఇదీ ఆనాటి పత్రిక పరిస్థితి. అటువంటి పత్రికలు ఎక్కువ కాలం నిలవలేకపోయేవి. యువ కూడా ఆగిపోయింది. చక్రపాణి తరువాతి కాలంలో అదే పేరుతో మాసపత్రికను పునరుద్ధరించాడు. 1960, 1970 దశకాలలో యువ మాసపత్రిక, ముఖ్యంగా దాని దీపావళి సంచికలు, తెలుగు పాఠకుల ఆదరణ పొందాయి.

1930ల ఆరంభం నుండి కుటుంబరావు కథలు పత్రికలలో అచ్చు కాసాగాయి. అయితే రచనతో జీవనం గడిచే రోజులు కావవి. 1939లో భార్య పద్మావతి మరణించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈయన మద్రాసు, బొంబాయి, సిమ్లా మొదలైన చోట్ల చిన్న చిన్న ఉద్యోగాలు చేసాడు. ఉద్యోగ భయం, అప్పు, అద్దె ఇల్లు, ధరల పెరుగుదల వంటివి ఈయన కథలలో పదే పదే రావడానికి ఈ అనుభవమే కారణం. తరువాత కొమ్మూరి వరూధినిని వివాహం చేసుకున్నాడు. డిటెక్టివ్ నవలా రచయితగా ప్రసిద్ధుడైన కొమ్మూరి సాంబశివరావు ఆమె సోదరుడు. వరూధిని, కుటుంబరావు దంపతుల సంతానంలో రోహిణీప్రసాద్ శాస్త్రవేత్తగా, సంగీతజ్ఞునిగా, జనరంజక విజ్ఞాన రచయితగా, శాంతసుందరి అనువాదకురాలిగా పేరు పొందారు.

1948 నుండి కొంతకాలం కుటుంబరావు మద్రాసులో ఆంధ్రపత్రికలో పనిచేసాడు. 1951లో కినిమా అనే సినిమా పత్రికకు కొద్దికాలం సంపాదకత్వం వహించాడు. 1952 జనవరిలో చందమామలో చేరాడు.

చందమామ

చందమామను 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. తమిళంలో దీని పేరు అంబులిమామ. క్రమంగా కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఇంగ్లీషు, ఒరియా మొదలైన భాషలకు విస్తరించింది. కార్యాలయం వడపళనిలో ఉండేది. సంపాదకునిగా పత్రికపై చక్రపాణి పేరు ఉండేది. కథల ఎంపిక, సవరణ, తిరగ వ్రాయడం వంటి రోజువారీ పని కుటుంబరావుది.

పాఠకులు, రచయితలు పంపిన కథలు కార్యాలయానికి చేరేవి. వాటిలో పనికివచ్చే ఊహ ఉన్న కథను ఎంచుకుని, అవసరమైతే ఆసాంతం తిరిగి వ్రాసేవారు. పత్రిక మొత్తం ఒకే గొంతుతో కథ చెబుతున్నట్లు ఉండటానికి ఇదే కారణం. ఈ పద్ధతిలో వాక్యం చిన్నది. కథలో ప్రతి సంఘటనకు ముందు సంఘటన కారణమై ఉండాలి. వర్ణన బొమ్మకు వదిలివేయాలి, సంభాషణ కథను ముందుకు నడపాలి. తెలుగు ప్రతి నుండే ఇతర భాషలలోకి అనువాదం జరిగేది. కాబట్టి ఒక ప్రాంతానికే పరిమితమైన పలుకుబడి, ఇతర భాషలోకి తేలేని శబ్ద చమత్కారం తగ్గించవలసి వచ్చేది. ఫలితంగా, ఏ జిల్లా వారైనా తమదే అనుకునే సరళమైన వ్యావహారిక తెలుగు ఒకటి ఈ పత్రికలో స్థిరపడింది. బడిలో నేర్చుకున్న అక్షరాలతో మొదటిసారి సొంతంగా ఒక కథ చదివిన అనుభవం ఎందరో పిల్లలకు చందమామ ద్వారానే కలిగింది.

పురాణ కథలు, జాతక కథలు, అరేబియన్ కథలు, ప్రపంచ సాహిత్యంలోని ప్రసిద్ధ కావ్యాలు కూడా ఇదే శైలిలో వెలువడ్డాయి. గ్రీకు మహాకవి హోమర్ ఒడిస్సీ కావ్యాన్ని రూపధరుని యాత్రలు అనే పేరుతో తెలుగు పేర్లు గల పాత్రలతో చెప్పడం ఇందుకు ఒక ఉదాహరణ.

బేతాళ కథల పునరుద్ధరణ

చందమామలో అత్యంత ప్రసిద్ధమైన శీర్షిక బేతాళ కథలు. వీటి మూలం చాలా ప్రాచీనమైనది. శాతవాహనుల ఆస్థానంతో ముడిపడిన గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథ రచించాడని ప్రతీతి. ఆ గ్రంథం లభించలేదు. దాని ఆధారంగా 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరంలో బేతాళుని 25 కథలు ఉన్నాయి. తెలుగులో కూడా విక్రమార్కుని కథలకు దీర్ఘ చరిత్ర ఉంది. 15వ శతాబ్దంలో జక్కన విక్రమార్క చరిత్రము, తెలంగాణకు చెందిన కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక రచించారు. ఆధునిక కాలంలో మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలలో అద్భుత కథలను వచనంలో చెప్పాడు.

మూల కథ ప్రకారం ఒక భిక్షువు రాజుకు ప్రతిదినం ఒక పండు కానుకగా ఇస్తుంటాడు. ఆ పండ్లలో రత్నాలున్నాయని తెలిసిన రాజు అతని కోరికపై అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళి, చెట్టుకు వేలాడుతున్న శవాన్ని భుజాన వేసుకుని తేవడానికి పూనుకుంటాడు. శవంలోని బేతాళుడు దారిలో కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. చివరి ప్రశ్నకు రాజుకు సమాధానం తోచదు. అప్పుడు బేతాళుడు సంతోషించి, భిక్షువు చేయబోయే ద్రోహాన్ని వెల్లడిస్తాడు. ఆ హెచ్చరిక వల్ల రాజు ప్రాణాలు దక్కించుకుని, భిక్షువునే సంహరిస్తాడు.

చందమామలో 1950లలో ప్రారంభమైన ఈ శీర్షిక పాత కథలు అయిపోయిన తరువాత కూడా ఆగలేదు. శ్మశానం, చెట్టు, శవం, రాజు, ప్రశ్న అనే చట్రాన్ని అలాగే ఉంచి, లోపల కొత్త కథలు చేర్చారు. నెలకొకటి చొప్పున ఎందరో రచయితల కథలు ఈ చట్రంలో ఇమిడాయి. 25 కథల ప్రాచీన సంపుటి కొన్ని వందల కథల శీర్షికగా మారింది. శంకర్ (కె.సి. శివశంకరన్, 1924-2020) గీసిన చిత్రం, అంటే ఒక చేత కత్తితో, భుజాన శవంతో నడిచే రాజు బొమ్మ, ఈ శీర్షికకు శాశ్వత చిహ్నమైంది.

ఏ అద్భుత కథ అయినా బేతాళ కథ కాలేదు. కథ చివర రెండు సమాధానాలకు అవకాశం ఉండాలి. పైకి న్యాయంగా కనిపించే సమాధానం తప్పై, రాజు చెప్పే సమాధానం కథలోని వివరాల నుండే తేలాలి. కథలో లేని కొత్త సంగతిని రాజు బయట పెట్టరాదు. అనగా పాఠకుడు పుట తిప్పే ముందు తాను కూడా ఆలోచించి చెప్పగలిగేలా కథ నిర్మించాలి. దయ్యం నోటి నుండి వచ్చే ప్రశ్నకు తర్కమే సమాధానం కావడం ఈ శీర్షిక ప్రత్యేకత. హేతువాది అయిన సంపాదకునికి ఈ పాత చట్రం నచ్చడానికి కారణం ఇక్కడే ఉందని భావించవచ్చు.

జానపద ధారావాహికలు

అద్భుత సాహిత్యానికి చందమామ ఇచ్చిన మరొక రూపం ధారావాహిక. 1952లో పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) వ్రాసిన తోకచుక్క 1954లో ప్రారంభమయింది. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం మొదలైనవి వరుసగా వెలువడ్డాయి. చిత్ర (టి.వి. రాఘవన్) గీసిన వింత జంతువుల, మాంత్రికుల బొమ్మలు వీటికి ప్రాణం పోసాయి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు పత్రికకు ప్రత్యేక శోభ కలిగించాయి.

ఇదే కాలంలో అమెరికాలో వింత కథలకు ప్రసిద్ధి చెందిన వియర్డ్ టేల్స్ పత్రిక పరిస్థితి గమనించదగినది. 1923లో ప్రారంభమైన ఆ పత్రిక 1954లో, అనగా తోకచుక్క మొదలైన సంవత్సరంలోనే, ఆగిపోయింది. 1970ల నుండి వేర్వేరు ప్రచురణకర్తలు దానిని పలుమార్లు పునరుద్ధరించారు. అక్కడ వింత కథ పెద్దల కాలక్షేప సాహిత్యంగా ఎదిగింది. తెలుగులో అది పిల్లల పత్రికలో చోటు చేసుకుని, ఇంటిల్లిపాదీ చదివే కథ అయింది.

హేతువాదం, అద్భుత కథ

మార్క్సిస్టు, నాస్తికుడు అయిన రచయిత దయ్యాల కథలను ప్రచురించడం వైరుధ్యంగా తోచవచ్చు. కుటుంబరావు దృష్టిలో పిల్లలకు ఊహాశక్తి అవసరం, అద్భుత కథ దానిని పెంచుతుంది. కథలోని దయ్యాన్ని కథగా గ్రహించగల తెలివి పిల్లలకు ఉంటుంది. సమాజంలో మూఢనమ్మకాలను నిలిపి ఉంచేవి వేరే ఉన్నాయి, వాటిపై ఈయన పెద్దల కొరకు వ్రాసిన వ్యాసాలలో పోరాడాడు. చందమామ కథలలో కూడా దయ్యం తరచుగా భయపెట్టేదిగా కాక, మనిషి ఆశను, పిరికితనాన్ని, తెలివిని పరీక్షించే పాత్రగా కనిపిస్తుంది. గెలిచేది చాలాసార్లు మంత్రం కంటే యుక్తి.

ఈ పనికి ఈయన చెల్లించిన మూల్యం కూడా ఉన్నది. వేలాది పుటలు సొంత పేరు లేకుండా వ్రాసాడు. దాసరి సుబ్రహ్మణ్యం పేరు కూడా ధారావాహికలపై ఉండేది కాదు. చందమామ చదివి పెరిగిన వారిలో చాలామందికి, తాము పెద్దయిన తరువాత చదివిన చదువు నవల రచయిత, చిన్ననాటి కథలను తీర్చిదిద్దిన వ్యక్తి ఒకరేనని చాలాకాలం తెలియలేదు. పత్రికకు ఒకే గొంతు కావాలంటే వ్యక్తుల పేర్లు వెనుకకు తగ్గవలసి వచ్చింది. అందువల్ల చందమామలో పేరు లేని రచనలలో ఏది కుటుంబరావు చేతిది, ఏది సహచరులది అని విడదీయడం పరిశోధకులకు కష్టమైన పని అయింది.

ఇతర రచనలు

చందమామలో పనిచేస్తూనే కుటుంబరావు పెద్దల సాహిత్యాన్ని సమాంతరంగా కొనసాగించాడు. చదువు నవల 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఒక మధ్యతరగతి బాలుడు ఎదిగిన తీరును, ఆనాటి విద్య స్వరూపాన్ని చిత్రిస్తుంది. ఈయన నవలలలో వారసత్వం, ఐశ్వర్యం, అనుభవం, గడ్డురోజులు, పంచకల్యాణి, కురూపి, బ్రతుకుభయం, సరితాదేవి డైరీ, కులంలేని పిల్ల, అరుణోదయం ముఖ్యమైనవి. వందల సంఖ్యలో కథలు, గల్పికలు వ్రాసాడు. సినిమా, సంగీతం, విజ్ఞానశాస్త్రం, తత్వం, చరిత్ర, సంస్కృతి మొదలైన విషయాలపై విస్తృతంగా వ్యాసాలు రచించాడు.

ఈయన వచనంలో అలంకారాలు తక్కువ. పాత్రల మంచి చెడులను రచయిత ప్రకటించడు, వారి మాటలే వారిని బయట పెడతాయి. పిల్లల కొరకు అలవరచుకున్న క్లుప్తత పెద్దల కథలలో వ్యంగ్యానికి పదును పెట్టింది.

విప్లవ రచయితల సంఘం, చివరి రోజులు

1970 జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం (విరసం) ఏర్పడింది. అధ్యక్షుడు శ్రీశ్రీ. కుటుంబరావు ఉపాధ్యక్షునిగా వ్యవహరించాడు. అప్పటికి ఈయన వయసు అరవై దాటింది. ఒకవైపు రాజకీయ విశ్వాసాలను బహిరంగంగా ప్రకటిస్తూ, మరొకవైపు పిల్లల పత్రికను రాజకీయ ప్రచారానికి దూరంగా ఉంచాడు. 1975లో మిత్రుడు చక్రపాణి మరణించిన తరువాత కూడా చందమామలో పని కొనసాగించాడు. 1980 ఆగష్టు 17న మద్రాసులో మరణించాడు.

మరణానంతరం

కుటుంబరావు రచనలను కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర ప్రచురణాలయం సంపుటాలుగా వెలువరించింది. తరువాత విరసం కూడా ఈయన సమగ్ర సాహిత్యాన్ని ప్రచురించింది.

చందమామ ఈయన తరువాత కూడా కొనసాగింది. 1998లో పత్రిక ఆగిపోయి, 1999 చివరలో పునఃప్రారంభమయింది. పునరుద్ధరణ తరువాత కూడా బేతాళ కథలు పత్రికలో ప్రధాన శీర్షికగా నిలిచాయి. 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ సంస్థ పత్రికను కొనుగోలు చేసింది. ఆ సంస్థ ఆర్థిక ఇబ్బందులలో చిక్కుకోవడంతో 2013 నాటికి అచ్చు సంచికలు నిలిచిపోయాయి. అభిమానులు పాత సంచికలను సేకరించి, స్కాను చేసి భద్రపరిచారు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. బ్రతికి ఉన్నప్పుడు పత్రికలో కనిపించని పేర్లు ఆ విధంగా ఆలస్యంగా పాఠకులకు చేరాయి.

పత్రిక చేతులు మారినప్పుడు శీర్షిక పేరును, బొమ్మను, చట్రాన్ని నిలబెట్టడం సాధ్యమయింది. ప్రతి కథను చదివి, సడలిన చోట బిగించి, కారణం లేని సంఘటనను తొలగించి, తన పేరు వేసుకోకుండా ప్రెస్సుకు పంపే సంపాదకుని పనికి ప్రత్యామ్నాయం దొరకలేదు. పాత సంచికలను కొత్త పాఠకులు నేటికీ వెదికి చదవడం కుటుంబరావు చేసిన ఆ పనికి నిదర్శనం.